కూతగాళ్ళొకవైపు, పట్టుగాళ్ళొకవైపు

తిరపతయ్య కూతకొచ్చాడంటే ఎదుటి జట్టులో నిక్కర్లేసుకున్నోళ్ళు కూడా లుంగీలు ఎగ్గట్టుకోబోయేవోళ్ళంట, ఆ కంగారులో. నవ్వకండమ్మా, వినండి. ఇది ఊరికే ఆడే కబడ్డీ కాదు, జీతాలిచ్చి ఆడించేది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిసి సంఘం పెట్టుకున్నాయి, దానికి పెద్ద పేరయ్యగారు. తిరపతయ్యది మా ఊరి జట్టు. వాళ్ళావిడ కోటమ్మ తమ్ముడు వీరాంజనేయులు ఉన్నాడే, వాడిది వాళ్ళ ఊరి జట్టు. వాడు పట్టుగాడు. చీలమండ చేతికి చిక్కిందా, ఇంక వొదలడు. ఈ బావా బామ్మర్దీ ఎదురుపడ్డ రోజు జనం ఇళ్ళకి తాళాలేసుకుని వొచ్చేవోళ్ళనుకో.

అట్టా సాగుతుంటే ఏమైందంటే, కేబుల్ టీవీ వొచ్చింది. ఆట చూపించే హక్కు పేరయ్యగారు సొంత అల్లుడి ఛానలుకే రాసిచ్చేశాడు. ఇంకో కేబులామె ఉంది, ఝాన్సీ అని, గట్టి మనిషి. ఆమె వొచ్చి, బాబాయ్, నన్ను కూడా చూపించనీ అని అడిగిందంట. కుదరదమ్మాయ్, అల్లుడికి మాటిచ్చా అన్నాడు. ఆట ఊళ్ళదా, మీ అల్లుడిదా? అంది. సంఘం నాది, ఆటా నాదే అన్నాడు. అయితే సంఘాన్ని మీరే ఉంచుకోండి బాబాయ్, ఆటగాళ్ళని నేను తీసుకుపోతా అని చక్కా పోయింది.

పోయి ఏం చేసిందీ? రెట్టింపు జీతం, రంగు రంగుల బనీన్లు ఇస్తానని కూతగాళ్ళందర్నీ లాగేసింది. కూతగాళ్ళనే ఎందుకంటారా? టీవీలో కనపడేది వాళ్ళ మొహాలేగా. పట్టేవోళ్ళవి వీపులు తప్ప ఏం కనపడతాయి! ఇటు పేరయ్యగారేమో, ఆమె దగ్గరికి పోయినోణ్ణి జన్మలో సంఘంలో ఆడనివ్వనని పట్టుగాళ్ళని బెదిరించి ఆపేశాడు. వీరాంజనేయులు అక్కింటికొచ్చి, రంగు బనీనుకి అమ్ముడుపోయావు బావా అన్నాడు. నువ్వు వీపు చూపించుకుంటా అక్కడే పడుండరా అన్నాడు తిరపతయ్య. అంతే, మాటల్లేవు. కోటమ్మకి ఒళ్ళు మండి, మొగుడి ఆటా చూడను, తమ్ముడి ఆటా చూడనని టీవీ మీద దుప్పటి కప్పేసిందంట.

ఇక పోటీలు. ఒకే సాయంత్రం రెండూ. పేరయ్యగారిది బడి గ్రౌండులో, ఝాన్సీది రోడ్డుకి ఇటుపక్క పొగాకు ఆరబెట్టే బ్యారన్ కొట్టం ముందు. బడి గ్రౌండులో చూస్తే అందరూ పట్టుగాళ్ళే, చేతులు చేతులు పట్టుకుని నిలబడ్డారు, కూతకెళ్ళేవోడు లేడు. ఆఖరికి పేరయ్యగారి అల్లుడే నిక్కరేసుకుని దిగాడు. గీత దాటేసరికే దమ్మయిపోయింది, పాపం. ఇటు ఝాన్సీ పట్టుగాళ్ళకి బదులు బ్యారన్ కూలీలని నిలబెట్టింది. తిరపతయ్య పోతుంటే వాళ్ళు, దయచేయండి అన్నట్టు పక్కకి జరిగారంట. తాకాడు, వొచ్చాడు. మళ్ళీ పోయాడు, తాకాడు, వొచ్చాడు. జనం చప్పట్లు కూడా కొట్టలా. పట్టుకునేవోడే లేనప్పుడు తప్పించుకున్నానని ఎట్టా మురుస్తాడు చెప్పండి? ఏడుపొచ్చిందంట ఆయనకి.

మళ్ళీ కూత పట్టాడు. కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ... గీత దాటాడు, కూలీలని దాటాడు, ఆగలా! తడిక దాటాడు, రోడ్డెక్కాడు. బస్సొకటి సడన్ బ్రేకేసింది. డ్రైవరు తిడతానే ఉన్నాడు, ఈయన కూత తెగలా. ఝాన్సీ కెమెరా మనిషి వైర్లు ఈడ్చుకుంటా వెనకే పరిగెత్తాడు. కబడ్డీ కబడ్డీ అంటా బడి గ్రౌండులోకి దిగి పట్టుగాళ్ళ మధ్యలోకి దూకాడు. వీరాంజనేయులు, ఒరే బావొచ్చాడ్రా! అని కేకేసి చీలమండ అందుకున్నాడు. మిగతావోళ్ళు మీద పడ్డారు. రెండు గ్రౌండుల జనం ఒకటైపోయి ఈలలు. దుమ్ములో కిందనించి తిరపతయ్య, గట్టిగా పట్టరా, గట్టిగా! అంటాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో.

కూతగాడు నావోడు అని ఝాన్సీ. పట్టు నాది అని పేరయ్యగారు. అప్పుడు బావా బామ్మర్దీ లేచి దుమ్ము దులుపుకుని, మీరిద్దరూ చూపిస్తేనే ఆడతాం, లేకపోతే ఎవరికీ ఆడం అన్నారు. తక్కినోళ్ళూ అదే మాట. ఏం చేస్తారు, ఒప్పుకున్నారు. మరుసటి వారం మా ఊరికీ బామ్మర్ది ఊరికీ అసలు పోటీ పెట్టి, రెండు ఛానళ్ళూ ఊదరగొట్టాయి. తీరా ఆఖరి కూతకి ఊళ్ళన్నిట్లో కరెంటు పోయింది! ఒక్క గ్రౌండులోనే జనరేటరు. ఎవరు గెలిచారంటారా? టీవీ ముందు కూర్చున్నోళ్ళని అడిగితే ఏం చెబుతారు? నేను పిట్టగోడెక్కి చూశా. ముందు టీ పొయ్యండి, చెబుతా.