ఎడమచేతి బాంబులు

ఆదివారం మధ్యాహ్నం. భోజనాల బల్ల మీద జానెడు ప్లాస్టిక్ విమానం, దాని రెక్కల కింద నాలుగు బాంబులు. బల్లకి అటు పళ్ల డాక్టరు, ఇటు ఆయన భార్య.

“మళ్లీ అడుగుతున్నా. ఈ బుల్లి ఫ్యాను ఎటు తిరుగుతుంది?”

“స్విచ్చి వేస్తే తిరుగుతుంది.”

“వేళాకోళం వద్దు. ఇటు చూడు. బాంబు ముక్కు మీద, ఇదిగో, ఇది.”

“ఆవగింజంత కూడా లేదు, నాకేం కనపడుతుంది? ముందు చేతులు కడుక్కుని రండి, భోజనం చల్లారిపోతోంది.”

“చల్లారనీ. అంతమంది ముందు నాకు తల తీసేసినంత పనైంది. ముందు దాని సంగతి తేల్చు.”

“ఏమైంది? మీ బొమ్మ విమానాల క్లబ్బు వాళ్లు ప్రైజు ఇవ్వలేదా?”

“ప్రైజా! భూతద్దం వచ్చాడు…”

“అదెవరు?”

“జడ్జి. బొమ్మ విమానం కనపడితే చాలు, జేబులోంచి భూతద్దం తీస్తాడు. వంగాడు. చూశాడు. మళ్లీ చూశాడు. ‘డాక్టరుగారూ, మీ బాంబుల్లో ఒకటి బాగానే ఉంది గానీ, మిగతా మూడూ వెనక్కి తిరుగుతున్నాయండీ’ అన్నాడు.”

“వెనక్కి తిరగడమేమిటి? ఇంట్లో ఏమైనా మర్చిపోయి వచ్చాయా?”

“చూశావా, నువ్వూ నవ్వుతున్నావు. అక్కడా ఇంతే. ‘మీ బాంబు కిందికి వదిలితే తిరిగొచ్చి పైలట్ ఒళ్లో కూర్చుంటుందండీ’ అన్నాడొకడు. హాలు హాలంతా పళ్లికిలించింది. ఎవడికి ఎన్ని పుచ్చుపళ్లున్నాయో లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. ఇంకేం చెయ్యను?”

“పోనీలెండి. ఫ్యాక్టరీ వాళ్లు తప్పు చేసుంటారు.”

“ఫ్యాక్టరీ వాడు పెట్టెలో పెట్టిచ్చేది మొండి ముక్కు. అరిగిన సబ్బుబిళ్లలా ఉంటుంది. ఆ ఫ్యాను నేను చేసింది. రేకు కత్తిరించి, రెక్కలు మెలితిప్పి, సూదిమొనంత బెజ్జంలో గుచ్చి అతికించింది నేను. అన్నీ కుడికే తిప్పాను.”

“పేలిపోయేదానికి అంత నగిషీ ఎందుకండీ, నాకర్థం కాదు.”

“ఎందుకంటే నిజం బాంబుకి అలాగే ఉంటుంది గనక. కింద పడేటప్పుడు గాలికి ఆ ఫ్యాను గిర్రున తిరుగుతుంది. తిరిగి తిరిగి మర ఊడొస్తే గానీ బాంబు పేలదు. ఎడమకి తిప్పితే మర ఊడదు, ఇంకా బిగుసుకుంటుంది. అలాంటి బాంబు జన్మలో పేలదు.”

“పేలకపోతే మంచిదేగా.”

“ఇది ప్లాస్టిక్కు! ఎలాగూ పేలదు!”

“అయితే ఇంక గొడవేమిటి? పేలని బాంబు పేలట్లేదని వచ్చిన దగ్గర్నుంచీ గోల.”

“గోల కాదు, అడుగుతున్నా. నేను బొమ్మలు అతికించుకునే బల్ల మీద చెయ్యి పెట్టిందెవరు?”

“ఎలుక.”

“ఎలుక రెక్కలు మెలితిప్పిందా?”

“ఎడమచేతి వాటం ఎలుకేమో.”

“ఏమన్నావు?”

“ఏమీ అనలేదు.”

“ఎడమచేతి వాటం అన్నావు.”

“మాటవరసకి అన్నానండీ బాబూ. ఎలుకకి చేతులెక్కడివి?”

“ఎలుకకి లేవు. ఈ ఇంట్లో ఎడమచేతి వాటం ఎవరిది? ఎవరి కత్తెర పట్టుకుంటే నాకు గుడ్డ మాట అటుంచు, కాగితం కూడా తెగదు?”

“నా కత్తెర జోలికి రావద్దని లక్షసార్లు చెప్పాను. బట్టలు కుట్టే కత్తెరతో రేకులు కోస్తారా ఎవరైనా? మొన్న ఒకావిడ జాకెట్టు ముక్క కత్తిరించబోతే…”

“మాట మార్చకు. ఇంకోటి కూడా పట్టుకున్నాడు భూతద్దం. నేను వాడేది పన్ను చుట్టూ బిగించే స్టీలు రేకు. ఈ మూడూ మాత్రల మీది రేకు. రెక్క వెనక నీలం అక్షరం ముక్క కూడా ఉంది. అది ఏ మాత్రో నాకు తెలీదా? రోజూ నొప్పికి నేను రాసిచ్చేదే.”

“మోకాలు నొప్పికి వేసుకున్నా.”

“అంటే రేకు నీదే.”

“రేకు నాదే.”

“ఫ్యాను?”

“అబ్బబ్బ! నాదే. మూడూ నావే. తీసుకెళ్లి ఉరి తీయండి.”

“నోట్లో వేలు పెడితే కొరకలేనట్టుంటావు, ఇదా నువ్వు చేసే పని!”

“మీ దగ్గరికొచ్చేవాళ్లంతా అలా ఉంటే మీకే మంచిది.”

“మరి ఈ తీగ? ఫ్యాను ముందే తిరిగిపోకుండా బిగించి ఉంచే తీగ. భూతద్దం మొత్తానికి ఇదొక్కటే మెచ్చుకున్నాడు. ‘ఇంత సన్నటి స్టీలు తీగ ఎక్కడ పట్టారండీ’ అన్నాడు. నేనూ ఏదో పెద్ద ఘనకార్యం చేసినవాడిలా ‘అదంతే లెండి’ అన్నాను.”

“అది నా నెరిసిన వెంట్రుక.”

“వెంట్రుకా!”

“దువ్వెనలో దొరికింది. మీ పుణ్యమా అని నెరిసిందే, మీకే పనికొచ్చింది.”

“అసలెందుకు చేశావు?”

“ఊరికే.”

“ఊరికే ఎవరూ బాంబులు చెయ్యరు.”

“మీవి బాగోలేవు.”

“ఏం బాగోలేదు?”

“వద్దులెండి.”

“చెప్పు.”

“వంకరగా ఉన్నాయి. ఒకదానికి రెక్క ఊడిపోయింది. ఇంకోదానికి జిగురు ముద్దకట్టి, బాంబుకి జలుబు చేసినట్టుంది. మూడోది అసలు బాంబు మీదే లేదు, పక్కనున్న చక్రానికి అతుక్కుని ఉంది. మీరు క్లినిక్కుకి వెళ్లాక అవి పీకేసి కొత్తవి పెట్టాను. నాలుగోది ఫర్వాలేదు, వదిలేశాను.”

“ఆ బల్ల దగ్గర లైటు బాగోలేదు.”

“లైటు మార్పించాగా.”

“కళ్లద్దాలు పాతబడ్డాయి.”

“అవీ మార్పించా.”

“మరి జిగురు. ఈ మధ్య జిగురు కూడా…”

“ఏవండీ. కప్పు సాసర్లో గడగడలాడుతుంటే ఆ చప్పుడు వంటింట్లోకి వినపడుతుంది. ఈ మధ్య మీకు కాఫీ గ్లాసులో ఎందుకిస్తున్నానో ఎప్పుడైనా అడిగారా?”

“సాసర్లు పగిలాయనుకున్నా.”

“ఒక్కటీ పగల్లేదు. అన్నీ బీరువాలో ఉన్నాయి.”

“ఎప్పటినుంచి?”

“వానలు మొదలైనప్పటినుంచి.”

“ఎంత పని చేశావు.”

“మీరు బాధపడతారని…”

“ఎంత పని చేశావు! నేను వాటిని చూసుకునే కదా ధైర్యం తెచ్చుకుంటున్నాను! పొద్దున క్లినిక్కుకి బయల్దేరేముందు రోజూ ఆ బల్ల దగ్గర నిలబడి, లైటు వేసి, ఈ ఫ్యాన్లు చూసుకుంటాను. ఇంత చిన్నదానికి ఇంత నీటుగా రెక్కలు తిప్పిన చేతికి రోగమేమిటి, అంతా నా భ్రమ అనుకుని వెళ్లి డ్రిల్లు పట్టుకుంటున్నాను. మనుషుల నోళ్లలో!”

“అయ్యో.”

“నీ ఫ్యాన్లు చూసుకుని!”

“మీరు పెట్టినట్టు లేవని మీకు అనుమానం రాలేదా?”

“ముందురోజు కుదరనివి మర్నాటికి కుదిరిపోతుంటే, జిగురు ఆరాక సర్దుకున్నాయనుకున్నా.”

“ఎడమకి తిరిగాయని కూడా కనపళ్లేదా?”

“ముప్ఫై ఏళ్లుగా అద్దంలో చూస్తూ పళ్లు చెక్కేవాడికి కుడేమిటి, ఎడమేమిటి!”

“నాకా ఆలోచనే రాలేదండీ. ఏదో బొమ్మ కదా, మీ సరదా కదా అని చేశాను. క్లినిక్కులో ఎవరికైనా ఏమైనా…”

“ఇంకా లేదు. అసిస్టెంటు పిల్ల ఉంది చూడు, నేను డ్రిల్లు తీయగానే నా మణికట్టు కింద అరచెయ్యి పెడుతోంది. ఏమిటమ్మా అంటే ‘తుడుస్తున్నాను సార్’ అంటుంది. ఏం తుడుస్తుంది, నా మొహం!”

“పాపం, మంచిపిల్ల.”

“మీరిద్దరూ కలిసి మంచితనంతోనే నా కొంప ముంచేట్టున్నారు.”

“పోనీ, ఆ చెయ్యి ఎవరికైనా చూపిద్దామండీ.”

“చూపించాల్సిందేం లేదు. బాంబు వేరు, పన్ను వేరు. పన్ను పెద్దది. నోట్లో నా చెయ్యి వణకదు. దానికి అలవాటైన చోటు.”

“వణకదా?”

“వణకదంటే వణకదు. కావాలంటే ఇప్పుడే చూపిస్తా. నోరు తెరువు.”

“మధ్యలో నా నోరెందుకు?”

“మేడమెట్లు రెండేసి ఎక్కేస్తావు, నీకు మోకాలు నొప్పా? ఆ మాత్ర పంటికి. పళ్ల డాక్టరు పెళ్లాం పన్ను నొప్పి పెట్టుకుని మోకాలంటుందేమిటి?”

“మీరు బాంబుల్లో ఉన్నారు. నా మొహం సరిగ్గా చూసి ఎన్నాళ్లయిందో మీకే తెలియాలి.”

“ఇప్పుడు చూస్తాగా. తెరువు.”

“భోజనం చేశాక.”

“ముందు తెరువు. రేపు కుర్చీలో కూర్చోబెట్టి నేనే బాగుచేస్తా. లేకపోతే ఏం, మన క్లినిక్కుకి రోడ్డు అవతల కొత్తగా బోర్డు పెట్టాడే, ఆ పట్టకారు గాడి దగ్గరికి పోతావా? వాడు పన్ను పీకితే దవడ చేతికొస్తుంది.”

“ఆయన్నలా అనకండి.”

“నీకెందుకంత బాధ? తెరువు.”

“వద్దండీ. నిజంగా వద్దు.”

“తెరవమంటుంటే!”

“ఆఁ…”

“ఇంకా. టార్చి ఇలా… నాలుక పక్కకి పెట్టు. చూడు, చెయ్యి ఎక్కడైనా వణికిందా? లేదు. కొంచెం. అది టార్చి బరువు. ఆగాగు. ఇదేమిటి?”

“ఆఁ ఆఁ.”

“ఈ దవడపంటికి తొడుగుంది.”

“ఆఁ.”

“ఇది నేను వెయ్యలేదే.”

“ఆఁ…”

“నోరు మూసి చెప్పు. ఎవరు వేశారు?”

“పట్టకారు.”

“పట్టకారా!”

“తిట్టండి. కడుపునిండా తిట్టండి, పడతాను.”

“ఎప్పుడు?”

“ఎండల్లో.”

“అంటే సాసర్ల కంటే ముందు.”

“ముందే. నొప్పి మొదలవగానే మీ దగ్గరికే వచ్చానండీ. చెప్పకుండా వచ్చా, మీరు కంగారు పడతారని. తలుపు సందులోంచి చూస్తే, మీరెవరికో చిగుట్లో సూది గుచ్చబోతున్నారు. సూది అటూ ఇటూ… ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు గనక బతికిపోయాడు. నేను మూసుకోలేదు. ఆ కాళ్లతోనే రోడ్డు దాటేశాను.”

“ఇందాక ఆలోచనే రాలేదన్నావు.”

“వచ్చింది.”

“అందరి నోళ్లూ నాకొదిలేసి, నీ నోరొక్కటీ దాచుకున్నావన్నమాట.”

“వచ్చిన ఆలోచన నా పన్ను దాకా వచ్చి ఆగిపోయింది. మీతో చెబితే మీరేమైపోతారోనని భయమేసింది. మిగతావాళ్ల సంగతి తలుచుకున్నప్పుడల్లా ఇంకో బాంబు బాగుచేశాను. నాకు సిగ్గుగా ఉంది. చాలా?”

“చాల్లే. ఏడవకు, దవడ బిగుసుకుంటుంది. ఏదీ, ఇంకోసారి తెరువు.”

“మళ్లీ ఎందుకు?”

“తిట్టడానికి కాదు. టార్చి నువ్వే పట్టుకో. ఊఁ. అంచు ఎక్కడుందో తెలియట్లేదు. నాలుకకి తగులుతోందా?”

“లేదు.”

“గట్టివి నమిలితే?”

“ఏమీ లేదు. నా పన్ను కాదన్న సంగతే మర్చిపోయాను.”

“రంగు కూడా కలిసిపోయింది. శుభ్రంగా చేశాడు వెధవ.”

“మీరు అలా మెత్తగా మాట్లాడుతుంటే నాకింకా భయంగా ఉంది. రెండు అరుపులు అరవరాదూ?”

“ఫోను ఇలా ఇవ్వు.”

“అయ్యో, ఆయనకి చెయ్యకండి. ఆయన తప్పేముంది, నేనే…”

“వాడికి కాదు. అసిస్టెంటు పిల్లకి. రేపట్నుంచి వచ్చేవాళ్లందర్నీ రోడ్డు దాటించమని.”

“దవడ చేతికొస్తుందన్నారు?”

“నోరు మూసుకో, తొడుగు ఊడుతుంది.”

“ఊడదు. గట్టిగా వేశాడు.”

“తెలుసు. చూశాగా.”

“మరి మీ చెయ్యి?”

“చూపిద్దాం. ఎక్కడికంటే అక్కడికి వస్తాను. ముందు నాకో పని చేసిపెట్టు. భోజనం అయ్యాక ఆ నాలుగో బాంబు ఫ్యాను కూడా పీకేసి, నీ చేత్తో ఇంకొకటి పెట్టు.”

“అదెందుకు? అదొక్కటే సరిగ్గా ఉందన్నాడుగా భూతద్దం?”

“సరిగ్గానే ఉంది. అది నేను చేసింది. నాలుగింట్లో పేలేది అదొక్కటే.”