తిరుపాలు చెప్పిన ముగింపు

తిరుపాలు ఉండాడు గదా, ఆకుతోట తిరుపాలు, ఆయన సినిమా చూసినాడంటే చూసినట్టే. మీకెవురికీ తెలీదులే, మీరప్పటికి పుట్టలేదు. పొద్దున్నే తమలపాకు తోటలో దిగి, ఆకు కోసి, కట్టలు కట్టి, తడిగుడ్డ చుట్టి బండికెత్తించేసరికి పొద్దు నడినెత్తికొచ్చేది. అప్పుడింత సంగటి తిని, తువ్వాలు దులిపి బుజానేసుకోని రేకుల హాలుకి పొయ్యేవాడంట, మ్యాట్నీ ఆటకి. రోజూనా అంటే రోజూనే. పెళ్ళాం లేదు, బిడ్డల్లేరు, తాగుడు లేదు, పేకాట లేదు, ఉన్నదంతా ఆ ఒక్క పిచ్చే అనుకో. బెంచీ టికెట్టు, ఎడంపక్క గోడవారగా మూడో బెంచీ. అది తిరుపాలు చోటని ఊరంతటికీ తెలుసు, ఎవురూ కూర్చోరు. ఆట వొదిలి బయటికొచ్చేసరికి జనం కాచుకోని ఉంటారు, తిరుపాలా, ఎట్టుంది బొమ్మ అని. ఆయన బాగుందంటే మర్నాడు చుట్టుపక్కల ఊళ్ళోళ్ళు బండ్లు కట్టుకోని వొస్తారు, బాగలేదంటే ఆ బొమ్మ మూడోనాడు పెట్టె సర్దుకోవాల్సిందే.

ఆయన మాటలు అట్టుంటాయి మరి. దేవుళ్ళ బొమ్మకి పోతే, 'దేవుడు మాయలు చేసినప్పుడు నాకేం కాదబ్బా, దేవుడికి ఏడుపొచ్చినప్పుడే నాకు మొక్కబుద్దయిద్ది' అనేవాడంట. కత్తుల బొమ్మలంటే ప్రాణం. రాజకొమారుడు గుర్రమెక్కితే ఈయన బెంచీ మీద మోకాళ్ళు బిగించేవాడు. అయినా లోపం లోపమే. 'మాంత్రికుడు తన ప్రాణం యాడ దాచినాడో తనే చెప్పుకోడమేంది, మనూళ్ళో నాలుగు గింజలుండేవోడే యాడ దాచినాడో చెప్పడే' అనేవాడు. సంసారాల బొమ్మలంటే గిట్టదు. 'కోడలు మూడు గంటలు ఏడ్చి ఏడ్చి ఆఖర్న పొయ్యి అత్త కాళ్ళ మీద పడతాది. పడాల్సింది అత్త గదా. తీసినోడికి కోడలి కష్టం తెలీదు, అత్తంటే భయం మాత్రం తెలుసు' అంటే ఆడోళ్ళు నోటికి కొంగడ్డం పెట్టుకోని నవ్వేవాళ్ళంట. కొట్లాట బొమ్మ చూసొస్తే, 'ఒకణ్ణి కొడితే నొప్పి కనపడతది, ఇరవైమందిని కొడితే దుమ్మే కనపడతది' అని తేల్చేవాడు. ఇంక దెయ్యాల బొమ్మలుండాయి చూడండి, వాటికి మాత్రం ఆయన నవ్వేవాడు. తెల్లచీరంట, విరబోసుకున్న జుట్టంట, గజ్జెల చప్పుడంట. 'అదంతా బతికినోళ్ళ భయం. చచ్చినోళ్ళకి ఏం గావాలో తీసినోడు ఒక్కడన్నా అడిగినాడా' అనేవాడంట. అనేవాడు గానీ, ఆ మాట ఎవురు వింటారో చూసుకోని అనాల గదా మనిషి.

ఇంకోటుంది, ఆయన బొమ్మ గురించి అబద్దం చెప్పడు. ఒకసారి హాలు ఆసామే ఇంటికొచ్చి, తిరుపాలూ, ఈ బొమ్మ బాగుందని ఒక్కమాటనవా, జన్మంతా నీకు టికెట్టు లేకుండానే బొమ్మలు చూపిస్తానన్నాడంట. ఈయన ఆకుకట్ట చుట్టతా చుట్టతానే, 'బాగలేదు సామీ, పాలల్లో నీళ్ళయితే అనేవాణ్ణి, ఇవి నీళ్ళల్లో పాలు' అన్నాడంట. ఆసామికి కోపమొచ్చింది గానీ ఏం జేస్తాడు. తిరుపాలు మాటంటే రాతిమీద గీతని ఊరంతా అనుకునేది.

ఏమైందంటే, ఒక ఎండాకాలం. రేకుల మీద ఎండ పడి హాలంతా పొయ్యిలాగుంది. ఆ ఎండకి మ్యాట్నీకి ఎవురొస్తారు, మొత్తం పదిమంది లేరు. ఆ నెలలోనే గేటుకాడ టికెట్లు చించేదానికి చెంగమ్మని కొత్తగా పెట్టుకున్నారు. చెంగమ్మంటే ముప్పై ఏళ్ళ మనిషి, ఇద్దరు బిడ్డల తల్లి, తల్లి లేకుండా అవ్వకాడ పెరిగిన పిల్ల. సరే, తిరుపాలు పొయ్యి తన బెంచీ మీద కూర్చున్నాడు. దేవుళ్ళ బొమ్మ. కొంచేపయినాక ఎవురో పక్కనొచ్చి కూర్చున్నట్టయింది. కాళ్ళు బెంచీ మీదకి ముడుచుకోని ఒక ఆడమనిషి. అంత ఎండలోనూ ఆపక్క చల్లగా తగిలిందంట, తడిగుడ్డ మాదిరి. 'నాయనా, ఇప్పుడేమైంది' అనడిగింది. చూపు ఆనదేమో పాపం అనుకోని ఈయన చెప్పినాడు, ఇట్టా తల్లీ, దేవుడు మారువేసంలో వొచ్చినాడు, ఆ ఇల్లాలు గుర్తుపట్టలేదు అని. 'నీకు బాగుందా' అనింది. బాగుంది, ఆ ఇల్లాలి కళ్ళు బాగుండాయి అన్నాడు. ఇంటర్వెల్లుకి లైట్లేసి చూస్తే పక్కనెవురూ లేరు. బెంచీ మాత్రం తడిగా ఉంది.

రెండోనాడూ వొచ్చింది, మూడోనాడూ వొచ్చింది. కత్తుల బొమ్మ. ఇప్పుడేమైంది నాయనా, ఇప్పుడేమైంది. ఈయన చెప్తానే ఉండాడు. చెప్పడమంటే ఈయనకి ఇష్టమేగా. మూడోనాడు తెరమీద పాలనురగ మాదిరి తెల్లటి వెలుగొచ్చిందంట, రాజు పట్టాభిషేకమో ఏందో, హాల్లో ఉండేవోళ్ళ మొకాలన్నీ తెల్లంగా అయిపొయ్యినాయి. తన చేతులు తనకి తెల్లంగా కనపడినాయి. పక్కకి చూస్తే ఆమె మొకం నల్లగానే ఉంది. వెలుగు ఆమె మీద పడలేదు. బెంచీ మీద పడింది, గోడమీద పడింది, ఆమె మీద పడలేదు. తిరుపాలు బెంచీ కొసకి జరిగినాడు. అయినా ఆమె మామూలుగానే, 'తర్వాతేమయిద్ది నాయనా' అనింది. ఉండి చూడు తల్లీ, ఇంటర్వెల్లు తర్వాత అన్నాడంట. 'నన్నుండనీరు నాయనా. లైట్లేస్తారు, ఎత్తకపోతారు. ఆ రోజు కూడా అంతే. తిరనాళ్ళలో తల్లీబిడ్డా తప్పిపొయ్యినారు, అంతవరకే చూసినాను. ఆ తల్లి మళ్ళా బిడ్డకాడికి వొచ్చిందా? ఏం జేసింది? నువ్వు అన్ని బొమ్మలూ చూసినోడివి గదా, కనుక్కోని చెప్పు. రేపు చెప్పు' అనింది. లైట్లేసినారు. తడి.

బయటికొచ్చి చెంగమ్మని అడిగినాడు, మే, నా పక్కన కూర్చునే ఆమె ఎవురే అని. చెంగమ్మ, 'నీ పక్కనెవురు మామా, మూడురోజుల్నించీ బెంచీకి ఆడటికెట్టే తెగలేదు. నువ్వు గోడతో మాట్లాడతా ఉంటే ఎండదెబ్బేమో అనుకున్నా' అనింది. అని ఊరుకోకుండా ఇంకోమాట కూడా అనిందంట. 'ఎండదెబ్బ నాకూ తగిలిందేమోలే మామా. ఈ మూడురోజులూ నీ బెంచీకాడికొచ్చి కూర్చోబుద్దయితా ఉంది. బొమ్మ చూడాలని గాదు. కాళ్ళే అటు పోతుండాయి. పోకుండా గేటు గుంజకి చెయ్యి చుట్టుకోని నిలబడతా ఉండా' అని. నవ్వతానే చెప్పింది. తిరుపాలు నవ్వలేదు.

నేరుగా మస్తాన్ సాయిబు ఇంటికి పొయ్యినాడు. సాయిబంటే ఆ హాల్లో మొట్టమొదటి ఆపరేటరు, మిషను తిప్పినోడు, అప్పటికి ముసిలోడయి మంచాన ఉండాడు. సాయిబన్నా, తిరనాళ్ళలో తల్లీబిడ్డా తప్పిపొయ్యే బొమ్మ ఎప్పుడన్నా ఆడిందా అనడిగినాడు. ఆ ముసిలాయన మెల్లిగా లేచి కూర్చోని, 'నీకెవురు చెప్పినారు ఆ బొమ్మ సంగతి' అన్నాడు. ఈయన జరిగిందంతా చెప్పినాడు. అప్పుడు సాయిబు చెప్పినాడు. ముప్పై ఏళ్ళ కిందట నాలుగే రోజులాడింది. మునెమ్మని ఒక నిండు చూలాలు, మొగుడొద్దంటున్నా మ్యాట్నీకొచ్చి ఎడంపక్క మూడో బెంచీలో కూర్చునింది. ఇంటర్వెల్లుకి లైట్లేసేసరికి బెంచీ తడిసిపొయ్యుంది. ఉమ్మనీరు. నొప్పులు పడతానే, కొంచేపు ఆగండి, ఆ తల్లి ఏమైందో చూసి వొస్తా అనిందంట, ఎవురు వింటారు, ఎత్తి బండిలో ఏసినారు. ఆసుపత్రికి చేరకముందే బండిలోనే ఆడపిల్ల పుట్టింది. తల్లి పొయ్యింది. 'ఆ పిల్లే నీ గేటుకాడ చెంగమ్మ. ఇది ఆ పిల్లకి తెలీదు, పసిబిడ్డకెందుకని వాళ్ళవ్వ చెప్పలేదు, మేమూ చెప్పలేదు. ఇన్నేళ్ళూ మునెమ్మ మెదలకుండా ఉండె. ఇప్పుడు బిడ్డొచ్చి గుమ్మంలో నిలబడేసరికి వాసన తగిలినట్టుంది' అన్నాడు సాయిబు.

మరి ఆ బొమ్మ ముగింపేంది అన్నాడు తిరుపాలు. సాయిబు కళ్ళు మూసుకున్నాడంట. 'పాడు ముగింపు తిరుపాలూ. ఆ తల్లి తిరనాళ్ళ తొక్కిసలాటలోనే చచ్చిపోతాది. చచ్చి, బిడ్డ కోసం వొస్తాది. ఏట్లో నీళ్ళకాడ బిడ్డ ఆడుకుంటా ఉంటే చెయ్యి పట్టుకోని, రా అమ్మా అని లోపలికి, లోపలికి తీసకపోతాది. ఇద్దరూ మునిగిపోతారు. శుభం అని ఏసినాడు ఆ పాపిష్టోడు. ఆడోళ్ళు తెరమీద దుమ్ము జల్లినారు. నువ్వది చెప్పబాక. ఆమె ముప్పై ఏళ్ళుగా ఆ ముగింపు కోసం కాచుకోని ఉండాది. ఆ తల్లి ఎట్టా జేసిందో ఈ తల్లీ అట్టే జేస్తది.' అయితే నేను రేపట్నించి పోను అన్నాడు తిరుపాలు. సాయిబు, 'నువ్వు పోకపోతే ఆ బెంచీ కాళీగా ఉంటది. కాళీగా ఉంటే ఎవురు పొయ్యి కూర్చుంటారో నువ్వే చెప్పినావు గదా' అన్నాడు.

ఇంక ఏం నిద్ర పడతది, ఏం తిండి దిగతది. మర్నాడు తోటలో ముదురాకూ లేతాకూ చూడకుండా కోసేసినాడంట. ఆయన బాధేందో తెలుసా మీకు? దెయ్యం భయం ఒకటుంది, ఉంటది, మనిషన్నాక. దానికంటే పెద్దది, బొమ్మ గురించి అబద్దం చెప్పడం. ఇన్నేళ్ళూ ఆ ఒక్కదాంట్లోనే గదా ఆయన గొప్పోడు. ఆకుతోట కూలోణ్ణి పట్టుకోని ఊరంతా 'నువ్వేమంటావు తిరుపాలా' అనేది దాని కోసమే గదా. సరే, పొయ్యినాడు. టికెట్టు చించేటప్పుడు చెంగమ్మ మొకం చూస్తే పాలిపొయ్యుంది. మే, నువ్వు గేటు దాటి లోపలికి రాబాక, ఏమైనా సరే రాబాక అని చెప్పి పొయ్యి కూర్చున్నాడు.

ఆ రోజు ఆమె ముందే వొచ్చి కూర్చోనుంది. తెరమీద ఏ బొమ్మాడిందో ఆయనకే గుర్తులేదని చెప్పేవాడు తర్వాత. ఆమె అడగలేదు కూడా ఇప్పుడేమైంది అని. ఒకటే మాట. 'కనుక్కున్నావా నాయనా.' కనుక్కున్నా తల్లీ. 'ఆ తల్లి మళ్ళా వొచ్చిందా.' వొచ్చింది. 'బిడ్డని చూసిందా.' చూసింది తల్లీ. 'చూసి?' అప్పుడు గేటుకాడ పరదా కదిలినట్టయి తిరుపాలు అటు చూసినాడు. పరదా తొలిగింది. బయట ఎండ, ఎండలో చెంగమ్మ. కళ్ళు తెరిచే ఉండాయి గానీ చూపు లేదు వాటిల్లో. ఒక చెయ్యి గుంజకి చుట్టుకోనుంది, ఒక కాలు లోపలికి పడింది. రెండో కాలూ లేస్తా ఉంది. 'చూసి ఏం జేసింది నాయనా, తీసకపొయ్యిందా' అని పక్కన గొంతు, చెవిలోనే. బెంచీ మీదనించి తడి ఆయన పంచెకి ఎక్కతా ఉంది.

తిరుపాలు చెప్పినాడు. 'లేదు తల్లీ. తీసకపోలేదు. బిడ్డ పెద్దదయింది. తనకీ బిడ్డలుండారు. ఒకపూట ఎండలో వాకిట్లో నిలబడుంటే, ఈ తల్లి దూరంనించి చూసింది. పిలవలేదు. పిలిస్తే వొచ్చేస్తదని తెలుసు, అందుకే పిలవలేదు. కడుపునిండా చూసుకోని, ఇంక చాల్లే అనుకోని వెనక్కి తిరిగి పొయ్యింది. అంతే బొమ్మ.' ఆమె ఈయన పక్కకి తిరిగి, 'నువ్వు బొమ్మ గురించి అబద్దం చెప్పవంట గదా. ఈడ కూర్చోని అందరి మాటలూ వింటా ఉంటాను' అనింది. చెప్పను తల్లీ అన్నాడు. 'ఆ ముగింపు నీకు బాగుందా.' తిరుపాలుకి అప్పుడు ఏడుపొచ్చిందంట, ఏ దేవుళ్ళ బొమ్మకీ రాని ఏడుపు. 'బాగుంది. నేను చూసిన బొమ్మలన్నిట్లో అంత మంచి ముగింపు ఇంకోటి లేదు' అన్నాడు. ఆ ఒక్కమాటా నిజమే మరి.

ఆమె తల తిప్పి గేటుకాడికి చూసింది. ఎంతసేపు చూసిందో. చెంగమ్మ ఒక కాలు లోపలా ఒక కాలు బయటా అట్టే నిలబడుంది. ఇంటర్వెల్లు గంట కొట్టినారు, లైట్లేసినారు. తిరుపాలు చెయ్యిపెట్టి చూస్తే బెంచీ పొడిగా ఉంది, రేకుల వేడికి కాలతా ఉంది. చెంగమ్మ కళ్ళు నులుముకోని, 'ఏంది మామా, నేనిట్టా లోపలికొచ్చినాను' అనింది. ఏంలేదు మే, గాలికి పరదా తొలిగింది, సరిజేసి పో అన్నాడు.

అంతటితో అయిపొయ్యిందనుకుంటారు మీరు. చెంగమ్మకయితే అయిపొయ్యింది, కాళ్ళు లాగడం పొయ్యింది, మనిషి తేరుకునింది. తిరుపాలుకి మాత్రం ఏమైందంటే, మరుసటి బొమ్మనించి ముగింపు కనపడేది గాదంట. ఆఖరి ముక్క వొచ్చేసరికి ఆయన కళ్ళకి తెర తెల్లగా అయిపొయ్యేది, ఉత్త గుడ్డ. మాటలు కూడా వినపడేవి గావు. జనం నవ్వతా లేస్తే నవ్వుల బొమ్మని, కళ్ళు తుడుచుకుంటా లేస్తే ఏడుపు బొమ్మని తెలుసుకునేవాడు. ఇంక బయట కాచుకోనుండేవోళ్ళకి ఏం చెప్తాడు. ఎట్టుంది తిరుపాలా అంటే, 'మీరే చూసుకోండబ్బా' అని తలొంచుకోని పొయ్యేవాడు. గర్వమొచ్చిందన్నారు కొందరు, మతిపొయ్యిందన్నారు కొందరు. అయినా మానలేదంటే చూడండి, రోజూ పొయ్యేవాడు, ముగింపు లేని బొమ్మ కోసమే పొయ్యేవాడు. చచ్చిపొయ్యేదాకా అంతే.

ఆయన జేసింది తప్పా ఒప్పా అంటే నేను చెప్పలేను. సాయిబయితే కన్నుమూసేముందు, వాడు చెప్పింది అబద్దం గాదు, ఆ బొమ్మ తీసినోడే అబద్దం తీసినాడు అన్నాడంట. చెంగమ్మకి మాత్రం ఇప్పటికీ ఏం తెలీదు. మీరెవురూ ఆమెతో అనబాకండి. నేను కూడా ఎవురికీ చెప్పకూడదనే అనుకున్నా, ఇదిగో మీరు పదిమంది అడిగితే చెప్పినాను, మొన్న నాట్లకాడ ఇంకో పదిమందికి చెప్పినాను, అంతే.