చివరి సంపుటం చూడకుండానే

1961 సెప్టెంబరు నాలుగవ తేదీన, యార్క్‌షైర్‌లోని మా ఆంగ్ల చారిత్రక నిఘంటు కార్యాలయంలో సహాయకురాలిగా చేరిన కుమారి హెస్టర్ థ్వైట్ గారు, ముప్పై ఎనిమిదేళ్ల అవిశ్రాంత సేవానంతరం నేడు పదవీ విరమణ చేస్తున్నారు. ఆమె చేరిననాడు ‘ఎం’ అక్షరం నడుస్తోంది. పదేళ్లలో అంతా ముగుస్తుందని అప్పటి పెద్దలు మాటిచ్చారు. మొన్ననే ‘డబ్ల్యు’ మొదలుపెట్టాం.

ప్రతి మాటకూ ఒక చీటీల కట్ట, అందులో అన్నిటికన్నా పాత ప్రయోగం పైన ఉండాలన్నది మా ఆచారం. నార్వే పడవల్లో దిగిన మాటలనూ, నార్మన్ ప్రభువుల వెంట వచ్చిన ఫ్రెంచి మాటలనూ, రేవుల్లో తగులుకున్న దేశదేశాల మాటలనూ తేదీవారీగా పేరుస్తూ, 1974లో ఉపసంపాదకులుగా, 1986లో సంపాదకులుగా ఆమె ఎదిగారు. కళ్లద్దాలు నాలుగుసార్లు మారాయి గానీ, చివరి సంపుటం చేతపట్టుకుని ఇంటికి వెళ్లాలన్న కోరిక మారలేదు.

1989లో ‘ఎస్’ సంపుటం అచ్చుకు వెళ్లాక, గొర్రెల కాపరుల మాట ఒకదాని కట్టపైన, తాను చేరిన కొత్తలో రాసిన చీటీ ఆమె కంటపడింది. అందులో వేసినది ఆ మాట దొరికిన పాత కావ్యం పుట్టిన సంవత్సరం. ఆమె చూసిన చేతిరాత ప్రతిని రాసిన లేఖకుడు మాత్రం నూటయాభై ఏళ్ల తరవాతివాడు, తన కాలపు మాటలు యథేచ్ఛగా దూర్చినవాడు. ఆ ప్రతినుంచి ఎత్తిన చీటీలన్నీ తిరిగి చూడాలి. అవి తొమ్మిదివందలు.

“కొండను తవ్వి ఎలుకను పట్టావు. ఎవరు చూస్తారు, వదిలెయ్యి తల్లీ,” అన్నారు ప్రధాన సంపాదకులు ఆల్డస్ రిమ్మర్ గారు. “రెండేళ్లు పోతాయి. ఇక చివరి సంపుటం నువ్వుండగా రాదు.”

“నాకూ తెలుసు సార్. తప్పు నాది, అచ్చు ఆపించండి. ముందా టీ తాగండి, చల్లారిపోతోంది.”

రెండేళ్లు మూడయ్యాయి. ఆ మూడేళ్లూ మేమంతా ఆమెను లోలోపల తిట్టుకున్నామని, అభినందన వ్యాసమైనా సరే, ఒప్పుకోక తప్పదు. మొన్న సొరుగు ఖాళీ చేస్తుంటే, బాధగా లేదా అని అడిగాం. “ఎందుకుండదూ? ఏడవడానికే ఓపిక లేదు,” అన్నారు.

సోదరి డోర్కస్ గారితో విట్బీ తీరాన ఆమె విశ్రాంతి సుఖప్రదమగు గాక. చివరి సంపుటం తొలి ప్రతిని మేమే తీసుకువెళ్లి ఆమె చేతిలో పెడతాం. మా పని వేగం ఆమెకు తెలియనిది కాదు. కనుక అందాక చూపు తగ్గక, చేయి వణకక, సంపూర్ణ ఆరోగ్యంతో ఆమె నూరేళ్లు దాటి జీవించక తప్పదని సవినయంగా మనవి చేస్తున్నాం.