తొర్రలో పన్నెండుమంది వేటగాళ్ళు

ఎల్మ్‌స్కోట్ మేనర్ అనే దొరల బంగళాలో విల్ఫ్రెడ్ గడ్జెన్ నలభై ఏళ్ళు తోటపని చేశాడు. అందులో ముప్పై ఏళ్ళు పారకర్ర మీద గడ్డం ఆనించి కబుర్లు చెప్పడంతోనే గడిచిపోయాయని అతనంటే గిట్టనివాళ్ళు అంటారు. గిట్టేవాళ్ళు ముప్పై అయిదంటారు.

పని మానేశాక కూడా రోజూ పదింటికల్లా వచ్చేసేవాడు. పాత గుర్రపుశాలలో హిల్డా ప్రౌజ్ నడిపే టీ దుకాణంలో, తలుపు పక్క బల్ల అతనిది. అక్కడినుంచి చూస్తే పచ్చిక, పచ్చిక మధ్య మూడొందల ఏళ్ళ మల్బరీ చెట్టు. దాని పెద్ద కొమ్మ ఒకటి పక్కకి వాలిపోయి, చేతికర్ర మీద నిలబడ్డ ముసలాడిలా ఒక ఊతగుంజ మీద ఆనుకుని ఉంటుంది.

ఆ మంగళవారం హిల్డాకు పొద్దుటినుంచీ చేతులు ఆడడం లేదు. చెట్లను పరీక్షించే పినక్ అనే ఆయన వస్తాడని ఉత్తరం వచ్చింది. మల్బరీ లోపల డొల్ల అని తేలితే శుక్రవారం నాడు కొట్టేస్తారట. వంటింట్లో పనికి కుదిరిన ఏటినుంచీ, ప్రతి ఆగస్టులోనూ ఆ పళ్ళు కోసి జామ్ కాచింది తనే. దొరలు పోయారు, దొరసాని పోయింది, బంగళా ఎవరో సంస్థవాళ్ళ పాలైంది. తను ఎరిగిన ప్రాణుల్లో అక్కడ మిగిలింది ఆ చెట్టు, విల్ఫ్రెడ్. ఇద్దరిలో ఎవర్ని కొట్టెయ్యాలని తననడిగితే సమాధానం సిద్ధంగానే ఉంది.

పినక్ వచ్చాడు. చిన్న కొయ్యసుత్తితో చెట్టు చుట్టూ కొట్టి విన్నాడు. ఒకచోట రెండుసార్లు కొట్టి, పెదవి విరిచి, టీ తాగడానికి లోపలికొచ్చాడు. కొత్త మొహం కనబడగానే విల్ఫ్రెడ్ కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు.

"ఆ చెట్టు చూశారా అండీ? ఆ కొమ్మ ఇవాళ అక్కడుందంటే ఈ భుజం వల్లే."

"నీ టీ చల్లారిపోతోంది, విల్ఫ్రెడ్," అంది హిల్డా.

"చల్లారనీ. పెనుగాలి వచ్చిన ఏడాదండీ. గాలంటే ఆషామాషీ గాలా? చర్చి మీద గాలివాటం చూపించే ఇనుప కోడిపుంజు భయపడి గుడ్డు పెట్టేసింది. కొమ్మ పెళపెళమంది. నేను పరిగెత్తుకెళ్ళి భుజం ఆనించాను, వడ్రంగి వచ్చేదాకా మోశాను, అంతే. పెద్ద గొప్పేం కాదు లెండి."

"ఎంతసేపు మోశావురా?" అన్నాడు పక్క బల్ల దగ్గరున్న ఆంబ్రోస్ టల్. చర్చిలో గంటలు కొట్టే ఆంబ్రోస్‌కి ఈ కథ ఎక్కడ గిల్లితే ఉబ్బుతుందో బాగా తెలుసు.

"మూడు రోజులు."

"పోయిన వారం అరగంటన్నావు."

"పోయిన వారం నాకు జలుబు. ఆ తర్వాత ఏమైందో తెలుసా అండీ? దొరసాని స్వయంగా గొడుగేసుకొచ్చి వెండి చెంచాతో నాకు పుడ్డింగు తినిపించింది. దాని మీద పోసిన కస్టర్డు నాకు పడదమ్మా అన్నాను, పాపం మళ్ళీ తడుస్తూ వెళ్ళి జామ్ తెచ్చింది."

పినక్ నోటుబుక్కు తీసి ఏదో రాసుకున్నాడు. కప్పులందించే హిల్డాకు రాతను తలకిందులుగా చదవడం అలవాటే. 'కొమ్మ మునుపే విరిగినది' అనుంది. బల్ల తుడిచే వంకతో విల్ఫ్రెడ్ కాలు గట్టిగా తొక్కింది.

"అదుగో, ఈ ఘట్టం దగ్గర హిల్డాకి ఎప్పుడూ కాళ్ళు తడబడతాయి," అన్నాడు విల్ఫ్రెడ్ మురిసిపోతూ. "మూడో రోజున దొరగారి వేటకుక్క చెట్టులోకి దూరింది. నేనూ వెనకాలే దూరాను."

"కొమ్మనెవరు మోశార్రా మరి?"

"కోటు విప్పి కొమ్మ కింద నిలబెట్టి వెళ్ళాను. మూడు రోజులు నన్ను చూసి చూసి దానికీ పని తెలిసిపోయింది."

"చెట్టులోకి అంటే, తొర్ర ఉందా?" అన్నాడు పినక్.

"తొర్రా! మీ ఇంట్లో మెట్లున్నాయా అండీ? దానికీ ఉన్నాయి. లాంతరు పట్టుకుని దిగుతున్నాను, దిగుతున్నాను, అడుగున ఎవరున్నారో తెలుసా? ఎర్రకోట్లేసుకున్న వేటగాళ్ళు పన్నెండుమంది! మా తాతల నాడు నక్క వెంట దూరి, దారి తప్పి, అక్కడే పేకాడుకుంటున్నారు. 'రాణీగారు కులాసాయేనా?' అనడిగారు. ఏ రాణి అని నేనడగలేదు, బాగోదు కదా. నక్క కూడా ఆడుతోందండీ. అదే గెలుస్తోంది."

"వేళ్ళ సంగతి?" పినక్ మొహంలో నవ్వు లేదు.

"వేళ్ళు తిన్నగా బంగళా కిందకి పోయాయి. ఈ కొమ్మ ఊపితే అక్కడ భోజనాల గదిలో దీపాల గుత్తి ఊగుతుంది. ఓసారి దీని మీద పావురం వాలితే అక్కడ పొగగొట్టం కూలింది."

"అంటే పునాదుల కిందకా?"

"పునాదులెక్కడివండీ? ఆ వేళ్ళే పునాదులు!"

పినక్ పుస్తకం మూసి లేచాడు. "చాలా సంతోషం. సుత్తికి చెట్టంతా గట్టిగానే పలికింది గానీ ఒకచోట అనుమానం మిగిలింది. పాత తోటమాలి ఉన్నాడని విని మీ కోసమే కూర్చున్నాను. డొల్ల ఉంది, కొమ్మ విరిగింది, వేళ్ళు గోడల కింద ఉన్నాయి. నక్కను వదిలేసి మిగతాది రాసుకున్నాను. శుక్రవారం కొట్టించేస్తాం."

విల్ఫ్రెడ్ నోరు తెరుచుకునే ఉంది గానీ అందులోంచి ఏమీ రాలేదు. ఎల్మ్‌స్కోట్‌లో అలాంటిది ఎవరూ చూసి ఎరగరు.

"ఒక్క ముక్క నిజం కాదండీ!" అంది హిల్డా. "గాలి రోజున ఈయనగారు పూలకుండీల కొట్లో బల్ల కింద ఉన్నాడు. ఇద్దరు వడ్రంగులొచ్చి గుంజ పెట్టారు. మర్నాడు ఈయన్ని కొమ్మ గాయానికి తారు పుయ్యమంటే, పూసి, దానికే ఆనుకుని కునుకు తీశాడు. చొక్కా చెయ్యి తారుకి అతుక్కుపోయింది. అరగంట అరిచాడు. వంటింటి కత్తెర తెచ్చి నేనే కోసి విడిపించాను. కొమ్మను ఈయన పట్టుకోలేదండీ, కొమ్మే ఈయన్ని పట్టుకుంది!"

"నిజమే. చర్చిలో కూడా ఆ ఒంటిచేతి చొక్కాతోనే కనిపించేవాడు," అన్నాడు ఆంబ్రోస్.

పినక్ తల అడ్డంగా ఊపాడు. "నలభై ఏళ్ళు చెట్టును చూసినవాడి మాట. దాన్ని నేను తోసిపుచ్చలేను. ఆయనే అబద్ధమని రాసి సంతకం పెడితే సరే, అనుమానం వదిలేసి చెట్టును ఉండనిస్తాను."

హిల్డా కాగితం, కలం తెచ్చి విల్ఫ్రెడ్ ముందు పెట్టింది.

"అంతా అబద్ధమని రాయాలా? సగం అంటే చాలదూ?"

"ఏ సగం?" అన్నాడు పినక్.

విల్ఫ్రెడ్ ఆలోచించాడు. "మూడు రోజులు కాదు, రెండని దిద్దుకోండి."

"రాయి!" అంది హిల్డా.

విల్ఫ్రెడ్ తలుపులోంచి చెట్టుకేసి చూశాడు. కలం అందుకున్నాడు. హిల్డా చెబుతుంటే ఒక్కో మాటా పన్ను పీకించుకుంటున్నట్టు మూలుగుతూ రాశాడు. చివర్లో ఆమె తన సొంతంగా ఒక ముక్క చేర్చింది. అదీ రాసి, సంతకం పెట్టి, చల్లారిన టీ గుటుక్కున తాగి వెళ్ళిపోయాడు. పినక్ ఒక నకలు రాసుకుని, దాని మీదా సంతకానికి అతని వెనకాలే పరిగెత్తాడు. చెట్టు నిలిచింది.

నాలుగు రోజులు ఆ బల్ల ఖాళీగా ఉంది. అయిదోనాటికి తోట చూడ్డానికి బస్సులో వచ్చినవాళ్ళు దుకాణం నిండా చేరారు. విల్ఫ్రెడ్ తన కుర్చీలో ఉన్నాడు.

"ఆ చెట్టు చూశారా? గొడ్డళ్ళు పట్టుకుని నలభైమంది వచ్చారు. నేనొక్కణ్ణే అడ్డు నిలిచాను. కలంతో! ఒక్క సంతకం పెట్టి దాని ప్రాణం కాపాడాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెట్టు వంగి..."

"అయ్యో, నిజంగా మీరే కాపాడారా?" అంది ఒకావిడ.

పుట్టి బుద్ధెరిగాక విల్ఫ్రెడ్ చెప్పిన మొదటి నిజం అది, గొడ్డళ్ళు తీసేస్తే. హిల్డా కాదనలేదు. జామ్ సీసాల పైన గోడకి గుచ్చిన కాగితం కేసి గరిటె చూపించింది. ఆవిడ పైకే చదివింది:

"'ఈ చెట్టు గురించి నేను ఇంతవరకు చెప్పినదీ, ఇక మీదట చెప్పబోయేదీ ఎవరూ నమ్మవద్దు. ఇట్లు, విల్ఫ్రెడ్ గడ్జెన్.'"

"సంతకం మాత్రం అసలైనదేనండీ," అన్నాడు ఆంబ్రోస్.