పొట్టేలు పుండుకు నిమ్మగడ్డి నూనె

తిరుమలగిరి దారిలో నిమ్మగడ్డి నూనె తీసే షెడ్డు ముందు గొర్రెల కాపరి మల్లప్ప ఆగాడు. లోపల త్రివేణి సీసాలు నింపుతోంది.

“బిడ్డా, నీ షెడ్డుల ఒక్క ఈగ గూడ లేదేంది?”

“గీ వాసన ఈగలకు పడదు కాకా.”

“గట్లనా! అయితే నాకో సీసా ఇయ్యి. మా పొట్టేలు కాలు పుండుకు ఈగలు ముసురుతున్నయి. పుండుల పోస్త.”

“వద్దు కాకా, అగ్గి లెక్క మండుతది. సబ్బునీళ్లల్ల జర కలిపి దొడ్డి చుట్టు చల్లు, చాలు.”

“గడ్డినూనెనే గదా, ఏం మండుతది?”

“బండెడు గడ్డికి ఆవిరి పడితె రెండు మూడు సీసాలొస్తయి. గడ్డి ఘాటంత గిండ్లనే ఉంటది.”

“ఆగు, చూస్త.”

ముల్లు గీరిన మోచేతి మీద మల్లప్ప ఒక చుక్క వేసుకున్నాడు.

“అబ్బబ్బ! మండుతాంది బిడ్డా!”

“గిదిగో కొబ్బరినూనె, దీంతోని తుడుచుకో. నీకు నోరున్నది గనుక చెప్పినవ్. పొట్టేలు ఎట్ల జెప్తది?”

మల్లప్ప మోచెయ్యి తుడుచుకొని ఊదుకున్నాడు.

“పొద్దుగాల పుండుల కిరోసిన్ పోస్తె ఎగిరి తన్నింది. పొగరనుకొని కట్టెతోని కొట్టిన బిడ్డా.”

త్రివేణి చేతిలోని సీసాకు మూత బిగించి పక్కన పెట్టింది.

“పశువుల డాక్టరు గీయాల ఉంటడా?”

“ఉంటడు కాకా. నడిపియ్యకు, ఎత్తుకపో.”