రెక్క ఈనె చూడనిదే సంతకం పెట్టని మాస్టారు

గత బుధవారం పదకొండు గంటలకు ఆ జాబు వచ్చింది. కీటక గుర్తింపు విభాగంలో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్న మాస్టారు దాన్ని రెండుసార్లు చదివి, కళ్లజోడు తుడుచుకొని, ఎదుటి బల్ల వైపు తిరిగారు.

"అమ్మాయ్, జామతోట రైతుకి ఫోను కలుపు. కాయలు కొయ్యక్కర్లేదని నువ్వే చెప్పు."

ఎదుటి బల్ల ఉద్యోగినికి పెళ్లై రెండు నెలలైనా నిండలేదు. ఆమె లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆఫీసులో చప్పట్లేమిటని ఎవరూ అడగలేదు. ఈ వ్యాసం రాస్తున్నదీ ఆమే.

మేమంతా గౌరవంతో 'ఈగల మాస్టారు' అని పిలుచుకునే ఆయన 1989 జూన్ 12న సహాయక పరిశీలకులుగా ఉద్యోగంలో చేరారు. తొలి ఆరేళ్లూ చెక్కపెట్టెల్లోని కీటకాలకు చీటీలు రాయడంలోనూ, తరువాతి పదేళ్లూ తోటల వెంట వల పట్టుకొని తిరగడంలోనూ గడిపి, విభాగాధిపతులయ్యారు. సెల్‌ఫోన్లు వచ్చి పురుగులకు బదులు ఫొటోలు రావడం మొదలయ్యాక, వాటికీ ఒక క్రమశిక్షణ నేర్పారు. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ముఖం, విప్పిన రెక్క, పక్కనే స్కేలు. ఇవి లేకపోతే నివేదికలో "తెలియదు" అని రాయడానికి ఆయన ఏనాడూ సిగ్గుపడలేదు.

నెల క్రితం జామతోట నుంచి వచ్చిన ఫొటోలో ఈగ వెన్ను చూపి కూర్చుంది. రెక్కల మీది గోధుమరంగు పట్టీలు కాయతొలిచే ఈగ పట్టీలతో సరిపోయాయి. సరిపోయాయి కదా అని ఈ ఉద్యోగిని నివేదిక రాసేసింది. దాని మీద మాస్టారి సంతకం పడితే, పురుగు పక్క తోటలకు పాకకుండా రెండు వందల నలభై చెట్ల కాయలూ కోసి గోతిలో పూడ్చాలి. ఆ కుటుంబానికి అది ఏడాది పంట. అప్పటికి సాయంత్రం ఐదయింది. గేటు దగ్గర ఆమె భర్త స్కూటరుతో ఎదురుచూస్తున్నాడు.

"పట్టీలు చూశావు సరే, రెక్క ముందంచు ఈనె చూశావా?"

"మసకగా ఉంది సార్, కనబడటం లేదు."

"కనబడనిదాన్ని ఎలా రాశావు తల్లీ? కూర్చో. పావుగంట నిలబడితే మీ ఆయన కరిగిపోడులే."

వెంటనే రైతుకు ఫోను చేశారు. ఈగను గాజుగ్లాసులో పట్టి ఐదు నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే కదలకుండా ఉంటుందని, అప్పుడు ఫొటో తీయమని చెబుతుండగా, రైతు భార్య ఫోను లాక్కున్నారు.

"ఫ్రిజ్‌లోనా? నా పాలగిన్నె పక్కన ఈగా? ఏం చోద్యమండీ!"

"మూత పెట్టండమ్మా."

"దేనికి, పాలకా ఈగకా?"

"రెండింటికీ."

మర్నాడు పదకొండు ఫొటోలు వచ్చాయి. ఏడో దానిలో రెక్క స్పష్టంగా పడింది. కాయతొలిచే ఈగకు రెక్క ముందంచు దగ్గర నరంలా కనిపించే సన్నని ఈనె మోచేయిలా చటుక్కున వంగుతుంది; దీనికి ఏటవాలుగా సాగిపోయింది. "కాయతొలిచేది కాదు. ఏ జాతో తెలియదు" అని మాస్టారు రాసి సంతకం పెట్టి, ఫొటోలను వేరే ఊళ్లోని నిపుణురాలికి పంపారు. జవాబు వచ్చేదాకా కాయలు కోసి పూడ్చడాన్ని ఆపించారు.

పై అధికారి రోజూ ఫోను చేసేవారు. "మీరు రిటైరైపోతారు మాస్టారూ, పురుగు పాకితే జవాబు చెప్పుకోవలసింది మేం."

"అందుకేనండీ, నేనుండగానే సంతకం పెట్టాను."

మూడు వారాలు కాయలు ముదురుతూనే ఉన్నాయి. ఆ రోజుల్లో మాస్టారికి సరిగ్గా నిద్ర లేదని వారి సతీమణి ఈమధ్యే చెప్పారు. బుధవారం వచ్చిన ఆ నిపుణురాలి జాబు ఆయన మాటనే ఖాయం చేసింది. రాలి కుళ్లిన పళ్లలో పెరిగే నిరపాయమైన ఈగ అది. ఈ ప్రాంతంలో ఇంతవరకు ఎవరూ నమోదు చేయనిది.

నేడు పదవీ విరమణ చేస్తున్న మాస్టారికి చూపు ఇంతే నిశితంగా, మోకాళ్లు ఇంతే గట్టిగా ఉండాలనీ, సతీమణితో, పిల్లలతో ఆరోగ్యంగా, తీరికగా నిండు నూరేళ్లు గడపాలనీ విభాగమంతా మనసారా కోరుకుంటోంది. ఆ ఈగను ఆయన ఫొటోల్లో తప్ప ఇంతవరకు చూడలేదు. రేపు ఉదయం ఏడు గంటలకు, ఎండ ముదరకముందే, దంపతులిద్దరూ జామతోటకు బయలుదేరుతున్నారు. వెనకే స్కూటరు మీద కొత్త జంట కూడా.