ఆయన పేరు ఎవరెవరు రాసినారంటే

సభకు పెద్దగా కూర్చున్న ఆదిమూలం అయ్యగారికి, తిరుత్తణి నుంచి మొదటి బస్సుకే వచ్చేసిన మా అత్తమామలకు, మన మణవాళనగర్ వీధి అక్కలకు, అన్నలకు నమస్కారం. నేను అయిదో తరగతి దాకానే చదివినాను. మైకు ముందర నిలబడడం ఇదే మొదలు. ముందు వరసలో కూర్చొని నవ్వుతున్న మా వదిన మునిలక్ష్మికి మాత్రం వేరే నమస్కారం. పెళ్ళైన రోజు ఆమె వాకిట్లో చేతులు అడ్డం పెట్టి, "మొగుని పేరు చెప్పి లోపలికి రా" అనింది. నేను "నీ తమ్ముడు" అని, ఆమె చెయ్యి కింద దూరి లోపలికి పోయినాను. (నవ్వులు) ఆ పేరు ఈ పొద్దుటికీ నా నోట రాలేదు. మైకులోనైనా రప్పించాలని వదిన పంతం. ఇంట్లో బయలుదేరేటప్పుడు ఆయన కూడా, "ఒక్కసారి చెప్పరాదా?" అన్నారు. చూద్దాం.

హైదరాబాదులో పెద్ద ఉద్యోగం వచ్చిందని మీరు ఆయనకు ఈ సన్మానం చేస్తున్నారు. ఆయన పరిశోధన గుండె మీద. గుండె కొట్టుకునేటప్పుడు రక్తనాళాలు ఎట్ల సాగుతాయి, ఎట్ల ముడుచుకుంటాయి అని చూస్తారు. పెళ్ళైన కొత్తలో నా చెయ్యి పట్టుకుంటే సిగ్గుతో తల దించుకున్నాను. కొంచేపటికి తలెత్తితే, ఆయన గడియారం చూస్తున్నారు. నాడి లెక్కపెడుతున్నారంట! (నవ్వులు)

కనిపెట్టింది రాసి పత్రికలకు పంపుతారు. అది చదివిన వేరే దేశంవాళ్లు తమ రాతలో "ఈ మాట ఫలానా ఆయన చెప్పినాడు" అని పేరు రాస్తే, దాన్ని సైటేషన్ అంటారు. మా అత్త దాన్ని స్టేషన్ అనుకొని, కొడుక్కి రైల్వేలో ఉద్యోగం వచ్చిందని పక్కింటి కన్నమ్మక్కతో చెప్పేసింది.

ఆ సైటేషన్ ఒక్కటీ రాలేదు. ఎవరు ఎవరి పేరు రాసినారో అచ్చేసే లావు పుస్తకాలు మద్రాసు లైబ్రరీలో ఉంటాయి. శనివారమైతే రైలెక్కి పోయి, వాటిలో తన పేరు వెదికి, ఉత్త చేతులతో వచ్చేవారు. ఉద్యోగానికి పిలిచిన చోటంతా, "మీ పనిని ఎవరు పట్టించుకున్నారు?" అని అడిగి పంపించేసినారు. ఒక రోజు అన్నం ముందర కూర్చొని, "ఇంక మందుల కంపెనీలో చేరిపోతాను, కోకిలా" అన్నారు. నేను ఇంకొంచెం రసం పోసినాను.

అంతలో మద్రాసులో ఒక సభ జరిగింది. కలకత్తా నుంచి వచ్చిన పెద్ద డాక్టరు ఈయన్ను ఆపి, "మీ వైపు వారేనంట, సుందరరాజులు ఎవరండీ? రక్తనాళాల మీద ఏం రాసినారండీ!" అన్నారంట. మామా, మీ పేరు చెప్పింది ఆ డాక్టరు, నేను కాదు.

"మా నాయన" అన్నారు ఈయన.

"అట్లనా! ఏ కాలేజీలో ఉన్నారు?"

"కాలేజీ లేదు సార్. తిరుత్తణిలో వేరుశెనగ పండిస్తాడు." (పెద్దగా నవ్వులు)

జరిగింది ఏమంటే, నాయన పేరులో మొదటి అక్షరం ముందర పెట్టుకునే మన ఇనీషియల్ ఆ దేశాలవాళ్లకు అర్థం కాదు. పత్రికవాళ్లు పేరు పూర్తిగా రాయమంటే, ఈయన తన పేరు రాసి పక్కన నాయన పేరు రాసినారు. చివర ఉన్నదే అసలు పేరనుకొని వాళ్లు అట్లే అచ్చేసినారు. ఆ లావు పుస్తకంలో ఇంకొన్ని పేజీలు తిప్పి చూస్తే, జర్మనీవాళ్లు, జపానువాళ్లు వరసగా మా మామ పేరు రాసి ఉన్నారు! మామకు చెప్తే, "నేను గుండె గురించి అంత చెప్పినానా!" అని అడిగినారు. ఆ పేజీలు చూపించినాకే హైదరాబాదు వాళ్లు రమ్మన్నారు.

హైదరాబాదులో మన అరవదేశం తెలుగు విని నవ్వుతారంట. నవ్వనీ. కరెంటు పోతే లాంతరు, నాకు జ్వరమొస్తే కంజి పంపించిన మీ వీధి అక్కడ ఉండదు, అదే నా దిగులు. మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను.

ఇంట్లోవాళ్లు పేరు చెప్తే సైటేషన్ కాదంట. ముక్కూ మొగం తెలియనివాళ్లు చెప్తేనే లెక్కంట, ఆయనే చెప్పినారు. లెక్కలోకి రాకపోతే పోనీ.

వదినా, చెయ్యి తియ్, లోపలికి వస్తున్నాను. మా ఇంటాయన పేరు సుదర్శనం.

సెలవు.